లేపాక్షి పైకప్పు కింద ఒక్క ఫోటో కోసం!

మీ ఇంట్లో బీరువా పై అరలో, పాత పట్టుచీరల వెనకాల, తోలు సంచీలో ముడుచుకుని పడుకున్న కెమెరా ఒకటుందా? ఉండే ఉంటుంది. యాషికా కావచ్చు, హాట్‌షాట్ కావచ్చు, తరవాత ఇంటింటికీ వచ్చిన కొడాక్ కేబీ-10 అయినా కావచ్చు. పిల్లల పుట్టినరోజుకి తీసి, "ఇంకా ఎన్నున్నాయండీ?" అని రీలు లెక్క చూసుకుని, మిగిలిన నాలుగింటినీ దసరా బొమ్మలకొలువు కోసం దాచిపెట్టుకున్న రోజులు మరిచిపోతామా! ఇప్పుడు దాన్ని వాడడమూ లేదు, పారేద్దామంటే చెయ్యీ రాదు.

మా ఇంట్లోనూ అలాంటిది ఒకటుంది. దాని స్థానంలో డిజిటల్ కెమెరా కొనుక్కుని లేపాక్షి వెళ్ళొచ్చాను. "కెమెరా కొనడానికీ లేపాక్షికీ ఏమిటమ్మా సంబంధం?" అంటారేమో. ఉంది. మొదటినుంచీ చెబుతాను.

హిందూపురం మా పుట్టిల్లు. అక్కణ్ణుంచి లేపాక్షి పదిహేను కిలోమీటర్లు. పక్కనే ఉన్నదాన్ని మనం ఎప్పుడు చూశాం గనక! పెళ్ళయ్యి హైదరాబాదు వచ్చేశాక, 1996 సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు గానీ అందరం కలిసి బయల్దేరలేదు. అమ్మ, పిన్నమ్మ, మావారు, నేను, మా అమ్మాయి. మావారి చేతిలో ఆయన స్నేహితుడు సింగపూర్ నుంచి తెచ్చిచ్చిన కెమెరా. అందులో 36 ఫోటోల కొత్త రీలు.

లేపాక్షి చూడనివాళ్ళ కోసం నాలుగు మాటలు. తాబేలు వీపులా ఉంటుంది గనక కూర్మశైలం అని పేరున్న రాతిగుట్ట. దానిమీద వీరభద్రస్వామి గుడి. విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు ఏలిన కాలంలో, 1530 ప్రాంతంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. నేలకు పూర్తిగా ఆనని స్తంభం ఒకటుంది కదా, దాని కింద పైట చెంగు దూర్చి ఇవతలికి లాగని ఆడమనిషి అక్కడ కనపడదు! ఆరుబయట ఏడు పడగల నాగలింగం. మధ్యలోనే ఆగిపోయిన కల్యాణ మంటపం. ఊళ్ళోకి వచ్చే దారిలో, ఒకే రాతిలో చెక్కిన నంది, పదిహేను అడుగుల ఎత్తు, మెడలో గంటల పట్టెడతో సహా. ఇవన్నీ ఎండలో ఉన్నవి. ఎవరు తీసినా ఫోటో వస్తుంది.

రానిది నాట్యమంటపం లోపల. తల పైకెత్తితే కప్పంతా బొమ్మలు. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, మనునీతి చోళుడి కథ... ఎర్రమట్టి రంగు, పసుపు, నలుపు, ఆకుపచ్చ. ఆ బొమ్మల్లో ఆడవాళ్ళ చీరలు చూడాలి మీరు! గీతలు, గళ్ళు, పూలు. కొప్పు ఎలా ముడిచారో, కుచ్చెళ్ళు ఎలా జారాయో అన్నీ కనపడతాయి. చీర కొనడానికి దుకాణానికి వెళ్ళి గంటసేపు కూచునే మనబోటివాళ్ళకు అక్కడ మెడనొప్పి తెలియదు.

అమ్మకు ఫోటో అంటే బిడియం. "నాకెందుకు, పిల్లలకు తియ్యండి" అని తప్పుకునేది. పెళ్ళి ఫోటోలో తల వంచుకునే ఉంది. ఆ తరవాతవన్నీ ఎవరి భుజం వెనకాలో సగం మొహం. అలాంటి మనిషి ఆరోజు కప్పుకేసి చూసి చూసి, తన ధర్మవరం పట్టుచీర కొంగు చేతిలోకి తీసుకుని, "ఆ చీర చూడు పాపా, నా అంచు అట్లనే లేదూ?" అంది. మా వైపు ఆడపిల్ల ఎంత పెద్దదైనా 'పాపా' అనే పిలుస్తారు లెండి. తరవాత ఒక స్తంభం పక్కన నిలబడి, కొంగు భుజం మీదుగా సర్దుకుని, "నన్నీడ ఒకటి తియ్యి" అంది. తనంతట తాను అడగడం అదే మొదలు.

తీశాం. ఒకటి కాదు, మూడు తీశాం. పిన్నమ్మతో కలిపి రెండు. సాయంత్రానికి కెమెరా మీద అంకె 36 దాటి 38కి వచ్చింది. "చూశావా, రెండు ఎక్కువే ఇచ్చాడు" అని మావారు మురిసిపోయారు కూడా!

అసలు సంగతి హైదరాబాదులో స్టూడియోలో తెలిసింది. రీలు కొస లోపలి పళ్ళకు తగులుకోలేదట. మేం తిప్పుతున్నంతసేపూ చక్రం తిరిగింది, అంకె మారింది, రీలు మాత్రం కదల్లేదు. ఒక్క ఫోటో లేదు. తప్పు కెమెరాది కాదు, మాదే. రీలు వేసి మూత పెట్టాక, తిప్పినప్పుడు అవతలి పక్క పిడి కూడా తిరుగుతోందా లేదా అని చూసుకోవాలట. ఎవరు చెప్పారు మాకు!

ఫోన్‌లో చెబితే అమ్మ నవ్వేసి, "పోనీలే, మళ్ళీ పోదాం" అంది. 1998లో అమ్మ పోయింది. ఆమె దినాలకు ఫోటో కావాల్సివచ్చి, ఒక గ్రూపు ఫోటోలో నుంచి సగం మొహం కత్తిరించి పెద్దది చేయించాం. అదే ఇప్పటికీ గోడ మీద ఉంది.

ఇన్నేళ్ళ తరవాత కిందటి శ్రావణంలో పిన్నమ్మ ఫోన్ చేసింది. ఎనభై రెండేళ్ళు ఆమెకు. "పాపా, మోకాళ్ళు పూర్తిగా పోకముందే ఇంకొకసారి లేపాక్షికి తీసుకపోతావా?" అంది. అంతే, నేను కెమెరా కొనాలనుకున్నాను.

ఫోన్ ఉందిగా అన్నారు మావారు. అమ్మాయీ అదే అంది. నిజమే, మీకూ ఇదే చెబుతాను: వంటలు, ముగ్గులు, పేరంటాలు తీసుకోవడానికైతే చేతిలో ఉన్న ఫోన్ చాలు, కెమెరా మీద డబ్బు పెట్టకండి. నందిని కూడా ఫోన్‌తో తీయొచ్చు. నాకు కావలసింది వేరు. చీకటి మంటపంలో, ఫ్లాష్ లేకుండా, కదలకుండా ఎక్కువసేపు నిలబడలేని పెద్దావిడనీ, ఆమె నెత్తిన ఉన్న బొమ్మలనీ కలిపి తియ్యాలి. తీసేదాని చెయ్యి కూడా కొంచెం వణుకుతుంది, మెడ ఎత్తితే తల తిరుగుతుంది. కెమెరా కొట్టుకు వెళ్ళేముందు నేను కాగితం మీద రాసుకున్నది ఇదే. ఎన్ని మెగాపిక్సెల్స్ అని రాసుకోలేదు.

ఫ్లాష్ ఎందుకొద్దు అంటే, ఐదొందల ఏళ్ళ రంగుల మీద ఆ మెరుపు కొట్టకపోవడమే మంచిది. పైగా దగ్గరున్న మనిషి మొహం తెల్లగా పిండి రాసినట్టు వస్తుంది, వెనక బొమ్మలు నల్లబడతాయి. మరి స్టాండు పెట్టుకుందామా అంటే అది పురావస్తుశాఖ కట్టడం, స్టాండుకు ముందుగా అనుమతి తీసుకోవాలి. అంచేత ఉన్న వెలుతురునే పట్టుకునే కెమెరా కావాలి.

కోఠిలో గుజరాతీ గల్లీ చుట్టుపక్కల ఒక రోజంతా తిరిగాను. చీటీ డబ్బులు నలభై ఐదు వేలు బ్యాగులో. మొదటి కొట్టులో కుర్రాడు "ఆంటీ, ఇది ఇరవై నాలుగు మెగాపిక్సెల్, అది పన్నెండే" అని మొదలుపెట్టాడు. నేను ఇంటిదగ్గర లెక్క వేసుకునే వెళ్ళాను. మనం ఆల్బంలో పెట్టుకునే నాలుగు ఇంచీలు-ఆరు ఇంచీల ఫోటోకి రెండు మెగాపిక్సెల్స్ పైచిలుకు ఉంటే సరిపోతుంది. పన్నెండు ఉంటే పది-పదమూడు ఇంచీల ఫోటో శుభ్రంగా వస్తుంది. గోడకు అంతకంటే పెద్దది ఎవరు తగిలిస్తారు?

చూడాల్సింది లోపల రీలు బదులుండే పలక, సెన్సర్ అంటారు దాన్ని. వాన పడుతుంటే వాకిట్లో గిన్నె పెడతామా, గంగాళం పెడతామా? మూతి ఎంత వెడల్పుంటే అన్ని నీళ్ళు. వెలుతురూ అంతే. మన పాత రీలు మీద ఒక్కో ఫోటో 36 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు. అంత సెన్సర్ ఉన్నవాటిని ఫుల్ ఫ్రేమ్ అంటారు, వాటి ధర వింటే గుండె జారుతుంది. జేబులో పట్టే చవక డిజిటల్ కెమెరాల్లో చాలావాటికి అది సుమారు ఆరు మిల్లీమీటర్ల పొడవే, గోరంత కూడా ఉండదు! మెగాపిక్సెల్స్ ఎన్ని చెప్పినా అది ఉగ్గు గిన్నే. మధ్యలో ఏపీఎస్-సీ అని ఒక రకం ఉంది, ఇరవై మూడు మిల్లీమీటర్ల పైచిలుకు పొడవు. నా పనికి అది చాలనుకున్నాను.

రెండోది లెన్సు. దాని మీద ఎఫ్ అని ఒక అంకె ఉంటుంది. ఇది మన లెక్కకు తలకిందులు: అంకె ఎంత చిన్నదైతే కన్ను అంత పెద్దగా తెరుచుకుంటుంది. కెమెరాతో పాటు ఇచ్చే మామూలు లెన్సు 3.5తో మొదలై, దూరంది దగ్గరకు లాగినకొద్దీ 5.6కి పోతుంది. విడిగా కొనుక్కునే 1.8 లెన్సు మీద ఆ 3.5 కంటే నాలుగింతలకు దగ్గరగా వెలుతురు పడుతుంది. జూమ్ విషయంలో ఒక జాగ్రత్త. 'ఆప్టికల్' అన్నదే అసలు జూమ్. 'డిజిటల్ జూమ్' అంటే తీసిన బొమ్మను కత్తిరించి సాగదీయడమే, అట్లపిండిలో నీళ్ళు పోసినట్టు.

అన్నట్టు, మీ ఇంట్లో పాత నైకాన్ ఎస్సెల్లార్ కెమెరా ఉంటే దాని లెన్సు పారెయ్యకండి. 1959 నుంచీ వాళ్ళు ఒకే రకం బిగింపు వాడుతూ వచ్చారు గనక చాలామటుకు డిజిటల్ ఎస్సెల్లార్ల మీద పడుతుంది. కొన్నిటికి ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి, అంతే. ఏ పాతదానికి ఏది సరిపోతుందో కొట్టువాడితో బిగించి చూపించమనండి. మా దానికి ఆ అదృష్టం లేదు, దాని లెన్సు ఊడి రాదు.

మూడో కొట్టు యజమాని పెద్దాయన, ఓపికమంతుడు. నేను "మీ మెట్ల కింద చీకట్లో ఒక ఫోటో తీసి చూస్తాను" అంటే నవ్వి, లైటు కూడా ఆర్పించాడు. రీలుకయితే వంద అనో, రెండొందలు అనో వేగం ముందే రాసి ఉండేది, 36 ఫోటోలూ దాంతోనే. దీంట్లో ఫోటో ఫోటోకీ మార్చుకోవచ్చు. 3200కి పెట్టి, మెట్ల కింద అట్టపెట్టెల మీద అక్షరాలు తీశాను. ఒక కెమెరాలో రవ్వ చల్లినట్టు గరుకుగా వచ్చింది, ఇంకొకదాంట్లో అక్షరాలు చదువుకోగలిగాను. మీరూ వెళ్ళేటప్పుడు సొంత మెమరీ కార్డు తీసుకెళ్ళండి. కొట్లో అడిగి, దాంట్లో నాలుగు ఫోటోలు తీసుకుని, ఇంట్లో కంప్యూటర్‌లో పెద్దది చేసి చూసుకున్నాకే డబ్బు కట్టండి. ఆ బుల్లి తెర మీద అన్నీ అందంగానే కనపడతాయి, నగల కొట్టు అద్దంలో మనం కనపడ్డట్టు!

చివరికి నా మనసు లాగింది మరో సంగతి. ఒక కెమెరాకు వెనక తెర పైకి వాలుతుంది. కెమెరా కప్పుకేసి చూస్తుంటే నేను తల వంచుకుని కిందికి చూసుకోవచ్చు! మెడనొప్పి ఉన్నవాళ్ళకు ఇంతకంటే వరం ఏముంది చెప్పండి? కన్ను ఆనించి చూసే రంధ్రం పక్కన చిన్న చక్రం కూడా ఉంది, మన కళ్ళజోడు నంబరుకు తగ్గట్టు తిప్పుకోవడానికి. చాలామంది ఇది తెలియక కెమెరాయే మసక అనుకుంటారు. దాంతోపాటు చెయ్యి వణుకును సర్దే ఏర్పాటు ఉందో లేదో అడిగాను. అది లెన్సులోనే ఉంది. మనిషి కదిలితే మాత్రం అది ఏమీ చెయ్యలేదని పెద్దాయన నిజాయితీగా చెప్పాడు.

కొత్తది నా చీటీకి అందలేదు. ఒకరు వాడి ఇచ్చినదాన్ని ముప్పై ఎనిమిది వేలకు తీసుకున్నాను. వాడినది కొనేటప్పుడు లెన్సులోకి టార్చి వేసి చూడాలి. సాలెగూడు పోగుల్లాంటివి కనపడితే అది బూజు, వదిలెయ్యండి. పాతబిల్లు మీద నంబరూ కెమెరా కింద నంబరూ ఒకటేనా అన్నది కూడా చూసుకోండి.

ఈ బూజు సంగతి ఇంటికొచ్చాక మా పాతదాన్ని తీసి చూస్తే అర్థమయింది. భద్రమనుకుని తోలు సంచీలో ఉంచానా, ఆ తోలే తేమ పీల్చి లెన్సుకు అంటించింది. ఆరునెలలకోసారైనా బయటికి తీసి గాలి తగలనివ్వాలి. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి ఉంచితే ఇంకా మంచిది. వాడనప్పుడు బ్యాటరీలు తీసెయ్యండి, కారి లోపల పాడుచేస్తాయి.

ఒక విచిత్రం చెప్పనా? మొదటి డిజిటల్ కెమెరా చేసింది రీళ్ళమ్ముకుని బతికిన కొడాక్ వాళ్ళ ఇంజనీరే, స్టీవెన్ శాసన్. 1975లో. బరువు మూడున్నర కిలోల పైన, ఒక్క నలుపు-తెలుపు బొమ్మను క్యాసెట్ మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేదట. ఆ కొడాకే 2012లో దివాలా పిటిషన్ వేసింది.

కార్తీకంలో బయల్దేరాం. కాచిగూడ నుంచి బెంగుళూరు వైపు వెళ్ళే రైళ్ళలో హిందూపురంలో ఆగేవి ఉన్నాయి. హిందూపురం నుంచి లేపాక్షికి బస్సులూ ఆటోలూ. మావైపు ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా అయింది, 2022లో. ఈ గుడినీ నందినీ యునెస్కో వాళ్ళ తాత్కాలిక జాబితాలో చేర్చింది కూడా ఆ ఏడే.

బయల్దేరే ముందురోజు రాత్రి కెమెరాతో పాటు ఇచ్చిన పుస్తకం తిరగేస్తుంటే నా గుండె ఝల్లుమంది. చాలా కెమెరాల్లో కార్డు లేకపోయినా మీట నొక్కితే పనిచేసే ఏర్పాటు ఒకటుంటుందట! టక్కుమంటుంది, బొమ్మ తెర మీద క్షణం కనపడుతుంది, ఎక్కడా మిగలదు. అచ్చం మా 1996 రీలే! మెనూలోకి వెళ్ళి "కార్డు లేకుండా" అని ఉన్నచోట వద్దు అని పెట్టాను. మీరు ఏ కెమెరా కొన్నా మొదట చెయ్యాల్సిన పని ఇది. కార్డులు రెండు తీసుకున్నాను. మావారు "ఈసారి 38 ఎలాగూ దాటుతాయిలే" అన్నారు గానీ నవ్వలేదు.

పొద్దున్నే వెళ్ళాం. ఎండ ఆవరణలోని బండల మీద పడి, ఆ వెలుగు మంటపంలోకి తేలి, కప్పు మెల్లగా కనపడసాగింది. పిన్నమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాం. ఆమె స్తంభాలు తడుముకుంటూ కాసేపు వెతికి, ఒకదాని దగ్గర ఆగింది.

"అక్క ఈడనే కదా నిలబడింది?"

నాకు గుర్తులేదు. మావారికీ లేదు. ఆమెకు గుర్తుంది. అక్కడ నిలబడమంటే నిలబడలేదు. రెండడుగులు పక్కకు జరిగి, స్తంభం పక్కన ఆ జాగా ఖాళీగా వదిలి, "ఇట్ల తియ్యి" అంది.

మూడు కదిలిపోయాయి. నాలుగోది నిలబడింది. పైన ఆ గళ్ళచీరల ఆడవాళ్ళు, కింద పిన్నమ్మ, పక్కన ఖాళీ. వెంటనే తెర మీద చూపించాను. కళ్ళజోడు తుడుచుకుని చూసి, "కడిగించేది లేదా?" అంది. లేదన్నాను.

"అట్లగాదు, కాగితం మీద ఇయ్యి. ఫోన్లో పెడితే నాకు యాడ కనపడతాది!"

హిందూపురంలోనే ఒక స్టూడియోలో ఎనిమిది-పన్నెండు ఇంచీలది రెండు కాపీలు వేయించాను. ఒకటి ఆమె దేవుడి గూటి పక్కన పెట్టుకుంది. రెండోది మా ఇంట్లో, అమ్మ సగం మొహం ఫోటో పక్కన తగిలించాను. పాత కెమెరా తోలు సంచీ నుంచి బయటికొచ్చి, ప్లాస్టిక్ డబ్బాలో కొత్తదాని పక్కనే ఉంది.